పన్నెండు వరసలు

గేటు చప్పుడైతే చాలు, ఆ ఇంట్లో ముందుగా కదిలేవి అల్లిక సూదులు. అల్లడానికి కాదు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారడానికి.

సోమవారం పొద్దున పదింటికి గేటు గడియ కిర్రుమంది. పెరటి గుమ్మంలో ఎండ పడేచోట పీట వేసుకుని అల్లుకుంటున్న కోడలు చేతిలో ముక్కను బుట్టలో పడేసి, బుట్టను మంచం కిందికి కాలితో తోసి, ముందుగదిలోకి ఒక్క పరుగు తీసింది. అత్త అప్పటికే కిటికీ పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కోడలు అలమర అరలోంచి బూడిదరంగు ముక్క తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. అది సగం అల్లిన స్వెట్టరు చెయ్యి. రెండు సూదులూ దానికే గుచ్చి ఉంటాయి. రెండు చలికాలాలుగా అది జానెడున్నర దగ్గరే ఆగిపోయి ఉంది, ఎందుకంటే అది తొడుక్కోవడానికి కాదు, వచ్చినవాళ్లకు చూపించడానికి. అత్త కుడిచేతిని ఊలు కిందికి పోనిచ్చి, ఎడంచేత్తో సూది పట్టుకుంది. ఊలు కిందున్న చెయ్యి వణుకుతూనే ఉంది. పైకి చూస్తే మాత్రం అప్పుడే అల్లిక ఆపి తలెత్తిన మనిషిలాగే ఉంది.

"ఊలమ్మగారూ!" బయటనుంచి కేక.

"పోస్ట్‌మాన్, అత్తయ్యా."

"ఓస్, వాడా! వాడికోసమా ఇంత హడావిడి చేశావు? నా గుండె గొంతులోకొచ్చింది."

ఆవిడకు ఒక పేరుందని ఆ వీధిలో చాలామందికి తెలియదు. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆవిడ ఊలమ్మే. పోస్ట్‌మాన్ కిటికీ ఊచల్లోంచి ఒక కవరు లోపలికి జార్చి, తన మెడ చూపించుకున్నాడు.

"నా మఫ్లరు సంగతేం చేశారండీ? ఊళ్లో మెడలన్నీ వెచ్చగా ఉన్నాయి. ఉత్తరాలు మోసే మెడ ఒక్కటే చలికి బిగుసుకుపోతోంది."

"నీ మెడ పొడుగుకి సరిపడా ఊలు దొరకొద్దూ నాయనా!"

వాడు నవ్వుకుంటూ పోయాడు. గేటు ఇంకా పూర్తిగా మూసుకోకముందే, దాన్ని మళ్లీ తోసుకుంటూ హాస్టల్ వార్డెన్ వచ్చింది. మెరూన్ రంగు స్వెట్టరు తొడుక్కుంది. కోడలు దాన్ని చూడగానే గుర్తుపట్టింది. నిరుడు పాపకు జ్వరమొచ్చిన వారంలో, దాని మంచం పక్కనే కూర్చుని అల్లిన స్వెట్టరు అది. ఎడమ జేబు దగ్గర మూడుసార్లు విప్పి మళ్లీ వేసింది. ఇప్పుడా జేబులో వార్డెన్ కళ్లజోడు పెట్టె ఉంది.

"ఏడాదినుంచీ విడవకుండా వేసుకుంటున్నానండీ," వార్డెన్ మణికట్టు దగ్గరి అంచు లాగి చూపించింది. "ఎక్కడా సాగలేదు, ఉండలు కట్టలేదు. నేనూ కాస్తో కూస్తో అల్లుతాను కాబట్టి చెబుతున్నా, మీ చేతికి వయసు రాలేదు."

"ఏదోలేమ్మా," అంది అత్త. అన్నదే గానీ ముఖం దీపంలా వెలిగింది.

కోడలు టీ కలిపి, రెండు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని తెర దాకా వచ్చి ఆగిపోయింది. లోపల వార్డెన్ చెబుతున్న మాట అలాంటిది మరి.

"మా ఆడపిల్లలకి అల్లిక క్లాసు పెడదామనుకుంటున్నాం. వారానికి నాలుగు రోజులు, పది నుంచి ఒంటిగంట దాకా. జీతమిస్తాం. మీరు హాస్టలున్న ఆ ఎత్తు ఎక్కి రాలేరని తెలుసు. మీ చేతికింద తయారైనవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మీ కోడలుంది కదా, ఆ అమ్మాయికి వచ్చా?"

పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి టింగుమన్నాయి. కోడలు బొటనవేలితో వాటిని అదిమిపట్టింది.

"మా కోడలా?" అత్త నవ్వింది. "దానికి అంత ఓపికెక్కడమ్మా! ఊలు ఉండలు చుట్టిపెడుతుంది. గుండీలు కుడుతుంది. మంచిపిల్లే. అల్లిక మాత్రం ఒకరు చెబితే వచ్చేది కాదు కదా."

కోడలు లోపలికి వచ్చి టీ ఇచ్చింది. వార్డెన్ ఆమెవైపు చూసి నవ్వింది. ఆమె కూడా నవ్వాల్సి వచ్చింది.

"పోనీ ఒక పని చెయ్యండి," అంది వార్డెన్. "శనివారం మా ప్రెసిడెంటుగారిని తీసుకొస్తాను. ఆవిడ కళ్లతో చూస్తే గానీ దేనికీ సంతకం పెట్టదు. పదేళ్ల పిల్లకి సరిపోయే స్వెట్టరొకటి అల్లి ఉంచండి. చేతులొద్దు. ముందువైపు నిలువునా జడ అల్లిక రావాలి. అది చూశాక ఎవర్ని పెట్టుకోవాలో మీరే చెబుదురుగాని." సంచిలోంచి ముదురు నీలం ఊలు తీసి బల్లమీద పెట్టింది.

ఆమె వెళ్లాక కోడలు బూడిదరంగు ముక్కను అత్త ఒళ్లోంచి తీసి అలమరలో పెట్టింది. తలుపు వెయ్యడం కాస్త గట్టిగానే వేసింది.

"ఉండలు చుట్టిపెడతానా అత్తయ్యా, నేను?"

"మరేం చెప్పమంటావే? రెండేళ్లుగా నీ పనిని నాదని చెప్పుకుంటున్నానని చెప్పమంటావా?"

"నేర్చుకుందని ఒక్క మాట చెబితే సరిపోయేది."

"ఒకటి ఒప్పుకుంటే రెండోది లాగుతారే. ఆ స్వెట్టరెవరిది, ఈ స్వెట్టరెవరిది అంటారు. నేను పోయాక ఎంతైనా చెప్పుకో, నేనొచ్చి అడ్డం పడతానా?"

"అప్పుడెవరు నమ్ముతారు?"

అత్త కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. కుడిచెయ్యి ఇప్పుడు ఊలు కింద లేదు కాబట్టి కుర్చీ చేతిమీద టకటక కొట్టుకుంటోంది. దాన్ని ఎడంచేత్తో పట్టుకుంది.

సొమ్మొకడిది, సోకొకడిదని ఊరికే అన్నారా!

అలాగని ఆ ఇంట్లో పగలంతా అత్తాకోడళ్లు కత్తులు నూరుకుంటున్నారని అనుకుంటే పొరపాటు. మంగళవారం నీలం ఊలు ఉండలు చుట్టేటప్పుడు చూడాలి వాళ్లను. ఎండ పెరటి గుమ్మం దగ్గర చాపంత పడుతుంది, తొమ్మిదింటికి నీళ్లతొట్టి పక్కన మొదలై పన్నెండింటికి గోడ దగ్గరికి జరుగుతుంది. అత్త కుర్చీ, కోడలి పీట దానితోపాటు జరుగుతుంటాయి. వదులు చుట్టగా ఉండే ఊలు చిలపను అత్త రెండు మోకాళ్లకూ వేసి సాగదీస్తారు, ఎందుకంటే ఆవిడ చేతులు వణుకుతాయి గానీ మోకాళ్లు వణకవు. కోడలు ఎదురుగా కూర్చుని దారం లాగి ఉండ చుడుతుంటే, అత్త ఒక మోకాలూ ఇంకో మోకాలూ వంచుతూ దారం వదులుతుంది. పక్కింటి రేడియోలో పాట వస్తే మోకాళ్లు పాటకు తగ్గట్టు ఊగుతాయి.

"గట్టిగా చుట్టకు, ఊపిరాడక చస్తుంది ఊలు."

"ఊలుకి ఊపిరేంటి అత్తయ్యా!"

"లేకపోతే వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావు? నీ చెయ్యెప్పుడూ బిగువే. నా చెయ్యి వదులు. ఒకళ్లది ఒకళ్లకి రాదు. అందుకే ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు ముట్టుకోకూడదంటాను. ముట్టుకుంటే గోడకి కొత్త సున్నం మచ్చ వేసినట్టు అక్కడే తెలిసిపోతుంది."

ఈ మాట కోడలు ఆ ఇంటికొచ్చిన మొదటి నెలనుంచీ వింటోంది. తూచా తప్పకుండా పాటిస్తోంది కూడా. అత్త ఆఖరిసారి సూది పట్టిన ముక్కను కూడా ఆమె ముట్టుకోలేదు. దాన్ని అలాగే ఉంచేశారు. ఆ బూడిదరంగు చెయ్యి అదే.

టీ తాగారు. అత్త గ్లాసు సగమే నింపాలి, నిండా పోస్తే ఒలికిపోతుంది. సగం గ్లాసు రెండుసార్లు పోస్తుంది కోడలు, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తకుండా. బిస్కట్ల డబ్బాలో గుండీలు కుమ్మరించుకుని, రంగు రంగుకీ విడదీసుకుంటూ అత్త మధ్యాహ్నం దాకా గడిపింది. వీపు ముక్క మంగళవారం సాయంత్రానికే పూర్తయిపోయింది. కోడలు దాన్ని నేలమీద పరిచి అరచేత్తో నిమిరింది. కుట్లన్నీ ధాన్యపు గింజల్లా ఒకే తీరుగా ఉన్నాయి. ఇది నేను వేశాను, అనుకుంది. ఎవరికీ వినపడకుండా అనుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

బుధవారం పొద్దున మొగుడు డిపోకి బయల్దేరుతూ బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే పక్కన చేరింది. అతను బస్సుల మెకానిక్కు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోదు.

"మీ అమ్మతో మీరొక మాట చెప్పండి."

"ఏమని?"

"తెలియనట్టు అడక్కండి. నా పేరు చెప్పమని. వారానికి నాలుగు రోజులే. పాప బడికెళ్లాకే వెళ్తాను, అది వచ్చేలోపే వచ్చేస్తాను."

అతను నీళ్లు నమిలాడు. ఒక తాడు కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు.

"అమ్మకి ఆ పేరు తప్ప ఇంకేం మిగిలిందే? ముద్ద కూడా సరిగ్గా నోట్లోకి పోవట్లేదు. ఉన్నన్నాళ్లూ ఉండనీ."

"మరి నాకేం ఉంది?"

"అదేంటి, నేనున్నాను. పాపుంది."

"అవును, మీరిద్దరూ ఊలు ఉండలే. చుట్టిపెడుతున్నాను కదా!"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు నవ్వులాట కాదని తెలిశాక నవ్వు ఆపేసి, టిఫిన్ డబ్బా తీసుకుని గబగబా మెట్లు దిగిపోయాడు. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనరు గానీ, ఆ పోకచెక్క రోజూ పొద్దున్నే డిపోకి పారిపోవచ్చు.

ఆమె అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. పొద్దున పదింటికి భుజాన సంచి వేసుకుని, గొడుగు పట్టుకుని ఆ ఎత్తు ఎక్కాలి. ముప్పైమంది ఆడపిల్లలు సూదులు పట్టుకుని కూర్చుంటే, తప్పుగా పట్టుకున్న వేళ్లను తన వేళ్లతో సరిచెయ్యాలి. ఎవరో ఒక పిల్ల, ఇది మా టీచరు నేర్పించింది అని ఇంట్లో చెప్పుకోవాలి. జడ అల్లికలో ఆరు వరసలకోసారి మూడు కుట్లను మూడో సూదిమీదికి తీసుకుని, ముందువైపు ఆపి, వెనకవాటిని అల్లి, మళ్లీ వీటిని అల్లుతుంటే ఆ ముప్పైమందికీ చెబుతున్నట్టే పెదాలు కదిపింది. "ముందువైపే ఆపాలి. వెనక ఆపితే జడ అటు తిరిగిపోతుంది."

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది అత్త లోపల్నుంచి.

"ఎవరూ లేరత్తయ్యా."

గురువారం మధ్యాహ్నానికి స్వెట్టరు ముందువైపు ముక్క సగానికి పైగా వచ్చింది. మూడింటికి మబ్బు కమ్మేసింది. పాప గొడుగు ఇంట్లోనే మర్చిపోయి బడికెళ్లింది. కోడలు అల్లికను మంచంమీద పెట్టి, "ఇప్పుడే వచ్చేస్తాను," అని చెప్పి పరుగెత్తింది. ఇప్పుడే అన్నది గంటన్నర అయింది. దారిలో వాన దంచికొడితే తల్లీ కూతురూ టైలరు కొట్టు రేకు కింద నిలబడిపోయారు. పాప మేజోళ్లు తడిసి ముద్దయ్యాయి. వాటిని పిండి, తన చున్నీతో కాళ్లు తుడిచి, ఎత్తుకుని తీసుకొచ్చింది.

పెరటి గుమ్మం దగ్గర, వెలుతురు ఇంకా మిగిలినచోట, అత్త కూర్చుని ఉంది. కుర్చీ ఎవరు లాగారో, ఎలా లాగారో. కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయింది. పైపెదవి మీద చెమట. ఒళ్లో నీలం స్వెట్టరు. సూదులు రెండూ చేతుల్లో ఉన్నాయి, నిజంగానే.

"పన్నెండు!" అంది అత్త. గొంతు చిన్నపిల్లలా ఉంది. "లెక్కపెట్టుకో కావాలంటే. పన్నెండు వరసలు వేశాను."

కోడలు పాపను కిందికి దించింది.

"చెయ్యి వణకలేదే! ఒట్టు. మొదటి వరసకి కాస్త మొండికేసింది, తర్వాత దారిలో పడింది. జడ కూడా రెండుసార్లు తిప్పాను. ముట్టుకోకూడదని నేనే చెబుతాను గానీ, ఎదురుగా కనపడుతుంటే చెయ్యి ఆగితేనా?"

"నానమ్మ అల్లింది!" పాప చప్పట్లు కొట్టింది.

"బాగుంది అత్తయ్యా," అంది కోడలు. అంతకంటే ఏమనగలదు? ఆ సాయంత్రం అత్త టీ గ్లాసు నిండా పోయించుకుంది. సగం చీరమీద ఒలికితే ఆవిడే నవ్వేసింది. కొడుకు రాగానే వాడికీ చెప్పింది, పన్నెండు వరసలని. అతను సంతోషంగా తల ఊపి భార్యవైపు చూశాడు. ఆమె గిన్నెలు సర్దుతూ అటు తిరగలేదు.

శుక్రవారం పొద్దున అత్త స్నానానికి వెళ్లాక కోడలు ఆ ముక్కను కిటికీకి ఎత్తిపట్టి చూసింది. అంతవరకూ చదునుగా వచ్చిన బట్ట అక్కడ ఉబ్బి, నలిగి, మళ్లీ ఉబ్బింది. కొన్ని కుట్లలోంచి వెలుతురు కారుతోంది, కొన్ని ముడిలా బిగుసుకుపోయాయి. అయిదో వరసలో ఒక కుట్టు జారిపోయింది. లెక్క సరిపెట్టడానికి చివర ఇంకొకటి ఎక్కించుకున్నారు. ఇక జడ. మొదటిసారి సరిగ్గానే తిరిగింది. రెండోసారి మూడో సూదిని ముందు ఆపాల్సింది వెనక ఆపారు. వరసగా ఒకవైపే మెలితిరుగుతూ వచ్చిన జడ అక్కడ ఎదురు తిరిగిపోయింది. పిల్లలకు మొదటి వారంలో చెప్పే తప్పు అది.

విప్పడానికి పావుగంట పట్టదు. మళ్లీ అల్లడానికి గంటన్నర. సాయంత్రం దాకా బోలెడంత టైముంది. కోడలు సూదిని సగం దాకా బయటికి లాగింది. లోపల స్నానాల గదిలో చెంబు చప్పుడు, దానిమధ్య అత్త కూనిరాగం. ఆవిడ గొంతులో రాగం విని ఎన్నాళ్లయిందో. ఇప్పుడు విప్పితే తెలియకుండా ఉంటుందా? రేపు ఆ ముక్కను చేత్తో తడుముకుని తన వరసలకోసం వెతుక్కోదూ?

సూదిని మళ్లీ లోపలికి తోసేసింది.

జాలి, అనుకుంది. జాలే, కాదనేం లేదు. కానీ జాలి వెనకాలే ఇంకొకటి వచ్చి నిలబడింది. రేపు చూస్తారు కదా, చూడనీ. ఊలమ్మ చెయ్యి ఊలమ్మ చెయ్యి అని మురిసిపోతారు కదా, అసలు చెయ్యేదో ఒక్కసారి వాళ్ల కళ్లతోనే చూడనీ. ఆ ఆలోచన వచ్చాక ఆమెకే ఒళ్లు జలదరించింది. అయినా చెయ్యి ఆగలేదు. ఆ పన్నెండు వరసల పైన తన పదమూడో వరస మొదలుపెట్టింది. సాయంత్రానికి మెడపట్టీ కూడా వేసి, రెండు ముక్కలూ కలిపి కుట్టి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసింది. ఇస్త్రీకి ముడతలు పోతాయి గానీ తప్పులు పోవు.

శనివారం పదకొండింటికి వాళ్లొచ్చారు. ప్రెసిడెంటుగారు పొడుగ్గా, మాటకు ముందే విసుగున్న మనిషి. చేతి తొడుగులు తీసి సంచిలో పెట్టుకునే దాకా కూర్చోలేదు. అత్త ఉతికిన చీర కట్టుకుని, బూడిదరంగు ముక్కను ఒళ్లో పెట్టుకుని, రాణిలా ఉంది. కోడలు స్వెట్టరు తెచ్చి బల్లమీద పరిచింది.

ప్రెసిడెంటుగారు ముందు వీపు చూసింది. లోపలివైపు తిప్పి కుట్లు చూసింది. "ఊఁ," అంది. మెచ్చుకోలు అంతే కాబోలు. తర్వాత ముందువైపు తిప్పింది. జడమీద బొటనవేలు పెట్టి కిందినుంచి పైకి జరుపుకుంటూ వచ్చి, ఒకచోట ఆగిపోయింది.

"ఇదేంటి?"

వార్డెన్ వంగి చూసింది. కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూసింది. "ఇది... ఇది ఒక చెయ్యి కాదండీ. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఇంకెవరో వేశారు."

వార్డెన్ స్వెట్టరును అత్త ముందుకు జరిపింది. అత్త తల వంచింది. ఆవిడ కళ్లకు దూరం ఆనదు గానీ, దగ్గరివి బాగానే ఆనుతాయి. గురువారం మసక వెలుతురులో కనపడనివన్నీ ఇప్పుడు కనపడ్డాయి. ఉబ్బులు, ముడులు, ఎదురు తిరిగిన జడ. కోడలు ఆవిడ ముఖంలోంచి రక్తం దిగిపోవడం చూసింది. రెండేళ్లుగా ఈ క్షణంకోసమే తను కాచుకుందేమో. తీరా వచ్చాక అందులో చిటికెడు సంతోషం కూడా లేదు.

అత్త తలెత్తింది.

"అది నేను కాదమ్మా," అంది. "మా కోడలు. నేను నడుం వాల్చినప్పుడు చెయ్యి పెట్టింది. వద్దంటే వింటేనా? నాకూ వచ్చంటుంది."

గదిలో ముగ్గురూ కోడలివైపు తిరిగారు. రెండేళ్లలో వేసిన ఒక్క కుట్టుకైనా ఆ నోటినుంచి రాని పేరు, తను వెయ్యని పన్నెండు వరసలకు వచ్చింది.

"ఏమ్మా?" అంది వార్డెన్. "నువ్వేనా?"

"నేనేనండీ," అంది కోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అదీ నేనే, మిగతాదీ నేనే. ఈ స్వెట్టరంతా నేనే అల్లాను. మీ ఒంటిమీదున్నది కూడా నేనే అల్లాను."

వార్డెన్ తన మెరూన్ స్వెట్టరును చూసుకుంది. చెయ్యి దానంతటదే జేబుమీదికి వెళ్లింది. అత్త ఒళ్లో బూడిదరంగు ముక్క మొత్తం కదలడం మొదలుపెట్టింది. రెండు సూదులూ ఒకదానికొకటి తగిలి టిక్కు టిక్కుమంటున్నాయి. దాచుకోవడానికి ఆవిడ దాన్ని పొట్టకు అదుముకుంది. టిక్కు టిక్కు ఆగలేదు.

వార్డెన్ ఆ సూదులవైపే చాలాసేపు చూసింది. తర్వాత కోడలిదగ్గరికొచ్చి, ఆ పన్నెండు వరసలమీద వేలు పెట్టి, మెల్లగా అడిగింది. "నిజం చెప్పమ్మా. ఇవి కూడా నీవేనా?"

ఒక్క మాట చాలు. కాదంటే చాలు. పదింటికి సంచి, గొడుగు, ముప్పైమంది ఆడపిల్లలు, అంతా ఆ ఒక్క మాటకు అవతలే ఉన్నారు. కోడలు అత్త చేతులవైపు చూసింది. విప్పకుండా వదిలేసినప్పుడు తన లోపల నిలబడ్డ రెండోదాన్ని కూడా చూసింది. దానికి పేరు కక్ష. ఆ కక్షే ఈ ముసలామెను తెచ్చి ఇక్కడ నిలబెట్టింది.

"నావేనండీ."

ప్రెసిడెంటుగారు లేచింది. "బాగుంది. ఇన్నాళ్లూ ఒకరి పేరు చెప్పి ఇంకొకరు. పోనీ ఆ చెయ్యయినా నిలకడగా ఉందా అంటే అదీ లేదు. ఇలాంటి ఇంటినుంచా మన పిల్లలకి టీచరు? పదండి, ఆ మిషనుమీద అల్లే ఆవిణ్ణే పిలుద్దాం." తొడుగులు వేసుకుంటూ మెట్లు దిగిపోయింది. వార్డెన్ గుమ్మంలో ఒకసారి ఆగింది. ఏదో అనబోయి, "ఊలు మీ దగ్గరే ఉంచుకోండి," అని మాత్రం అని వెళ్లిపోయింది. గేటు కిర్రుమంది.

పెరట్లో ఎండ నీళ్లతొట్టి దాటి గోడ దగ్గరికి వచ్చేసింది. కోడలు అలవాటుకొద్దీ కుర్చీని అక్కడికి మోసింది, అత్తను నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది, తను పీటమీద కూర్చుంది. స్వెట్టరు ఇద్దరి మధ్యా ఉంది.

"నువ్వు చూశావు," అంది అత్త. "నిన్న పొద్దున్నే చూసే ఉంటావు. నీ కళ్లకి అది దాగదు."

"చూశాను."

"మరెందుకు విప్పలేదే?"

"మీరు స్నానాల గదిలో పాడుకుంటున్నారు."

"అదొక్కటేనా?"

కోడలు గోడవైపు చూసింది. "కాదత్తయ్యా. మీరు పట్టుబడాలనుకున్నాను."

అత్త తల ఊపింది. కోపం రాలేదు. వస్తే బాగుండునని కోడలికి అనిపించింది.

"నేనూ నోరు జారి అనలేదులే," అంది ఆవిడ. "నావేనని తెలిసే అన్నాను. నా కళ్లతో నా వరసలు చూసుకుని, నీ పేరు చెప్పాను. నువ్వు నోరు మూసుకుని ఊరుకుంటావనుకున్నాను. ఎప్పుడూ ఊరుకునేదానివే కదా." స్వెట్టరును కోడలివైపు తోసింది. "కాదని చెప్పాల్సింది పిచ్చిదానా. అడిగింది కదా ఆవిడ, రెండోసారి."

"అడిగింది."

"విప్పెయ్."

కోడలు కలిపి కుట్టిన దారం కత్తిరించి రెండు ముక్కలూ విడదీసింది. మెడపట్టీ ఊడదీసి ముందు ముక్కను పైనుంచి విప్పడం మొదలుపెట్టింది. దారం లాగుతుంటే కుట్లు ఒకదానివెంట ఒకటి టపటపా తెగినట్టు జారిపోతున్నాయి. నాలుగు రోజుల పని, పావుగంటలో సగం అయిపోయింది. ఉబ్బిన చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

"ఇలా తే," అంది అత్త.

ఆవిడ దారపు కొస పట్టుకుని లాగింది. విప్పే చేతికి వణుకు అడ్డం రాలేదు. పన్నెండు, పదకొండు, పది. పైకి అంటూ లాగింది. ఎదురు తిరిగిన జడ విడిపోయింది. జారిన కుట్టు ఎక్కడ జారిందో అక్కడే మాయమైంది. మూడు, రెండు, ఒకటి. మిగిలింది కోడలి అల్లిక, చదునుగా, బిగువుగా. అక్కడ ఆగి దారం వదిలేసింది.

"ఇది విప్పను. ఇక్కణ్ణుంచి నువ్వు మళ్లీ అల్లుకో, పాప పెద్దయ్యాక పనికొస్తుంది. అది కూడా తే, లోపలిది."

"ఏది?"

"తెలియనట్టు అడక్కు."

కోడలు వెళ్లి బూడిదరంగు ముక్క తెచ్చింది. అత్త రెండు సూదులూ ఊడబెరికి పక్కన పెట్టి, కొస వెతికి లాగింది. రెండేళ్లు ఒకేచోట మడతపడి ఉన్న ఊలు త్వరగా రాలేదు. వచ్చినది కూడా తిన్నగా లేదు, కుట్టు కుట్టుకూ వంకీ తిరిగి, ఎలా అల్లారో అలాగే గుర్తుపెట్టుకుని ఉంది. ఆవిడ ఒళ్లంతా వంకీల కుప్ప అయింది. కోడలు సాయానికి చెయ్యి చాపితే తోసేసింది.

గేటు కిర్రుమంది.

"ఊలమ్మగారూ!"

కోడలు దిగ్గున లేచి ముందుగదిలోకి, అలమరవైపు పరుగు తీసింది. తెచ్చి ఒళ్లో పెట్టడానికి ఇంకేం లేదని అప్పుడు గుర్తొచ్చి, గది మధ్యలో నిలబడిపోయింది. పోస్ట్‌మాన్ కిటికీ ఊచల్లోంచి లోపలికి తొంగిచూశాడు. ఖాళీ కుర్చీ కూడా అక్కడ లేకపోయేసరికి తెల్లబోయాడు.

"అత్తగారికి ఒంట్లో బాగాలేదా అమ్మా? ఏం లేదు, మామూలే, నా మఫ్లరు..."

కోడలు వెనక్కి తిరిగింది. తెరకు అవతల, పెరటి గోడ దగ్గర, అత్త రెండు చేతులతోనూ బూడిదరంగు ఉండ పట్టుకుని ఉంది. దారం చుట్టబోతే జారుతోంది, పట్టుకుంటోంది, మళ్లీ జారుతోంది. తలెత్తకుండానే, వీధిదాకా వినపడేలా కేకేసింది.

"దాన్నే అడుగు నాయనా! ఇంట్లో అల్లేది అదే. నేను ఉండలు చుట్టిపెడతాను!"

పోస్ట్‌మాన్ అర్థంకాక కోడలివైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, మెడ ఇలా చూపించమంది.